వర్చువల్ మెషిన్ ఎందుకు నత్తనడక నడుస్తుంది?

వర్చువల్ మెషిన్లను నడిపే వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగు పట్టీలో ఒక్కోసారి చిన్న ఆకుపచ్చ తాబేలు కనిపిస్తుంది. అది అలంకారం కోసం పెట్టింది కాదు. వర్చువలైజేషన్ కోసం ప్రాసెసర్‌లో ఉన్న ఏర్పాట్లను విండోస్ సొంత హైపర్‌వైజర్ హైపర్-వీ ముందే తన చేతిలోకి తీసుకుందని, వర్చువల్‌బాక్స్ ఇప్పుడు దాని ద్వారానే పని నెట్టుకొస్తోందని ఆ బొమ్మకు అర్థం. చాలామంది దాన్ని గమనించరు. లోపలి లినక్స్ ఈడుస్తోందని ర్యామ్ పెంచుతారు, ప్రాసెసర్లు రెండుంటే నాలుగు చేస్తారు, ఆఖరికి దాన్ని తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. నడక మాత్రం మారదు. ఎప్పుడో డాకర్ కోసమో, డబ్ల్యూఎస్ఎల్-2 కోసమో ఆన్ చేసి మరిచిపోయిన సౌకర్యమో, భద్రత కోసం విండోస్ పెట్టుకున్న మెమరీ ఇంటిగ్రిటీయో బయట తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది.

జబ్బు ఒకచోట ఉంటే మందు మరోచోట పడడం వర్చువల్ మెషిన్‌కు పుట్టుకతో వచ్చిన చిక్కు. లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టం, అంటే గెస్ట్, తాను నిజమైన యంత్రం మీద లేనన్న సంగతి పసిగట్టకూడదన్నది ఈ ఆవిష్కరణ పెట్టుకున్న మొదటి షరతు. ఆ సంగతే తెలియని సిస్టం తన నెమ్మదికి కారణం ఏం చెబుతుంది? గెస్ట్‌లోని టాస్క్ మేనేజర్ చూపే అంకెలు దానికి అప్పగించిన ఉత్తుత్తి యంత్రం అంకెలు.

ఈ మాయకు పుట్టిల్లు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జి. అక్కడి ఐబీఎం సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో బృందం ప్రత్యేకంగా మార్పులు చేయించిన సిస్టం/360 మోడల్ 40 మీద సీపీ-40 అనే కంట్రోల్ ప్రోగ్రామ్, నేటి మాటలో హైపర్‌వైజర్, రాసింది. 1967 నాటికి అది వాడకంలోకి వచ్చింది. ఒక్క యంత్రాన్ని పద్నాలుగు యంత్రాలుగా చూపించేది, ఒక్కోదానికి 256 కేబీ మెమరీ ఉన్నట్టు నమ్మించేది. దాని వెనుక సీపీ-67 వచ్చింది. 1972 ఆగస్టు 2న ఐబీఎం వీఎం/370ని ప్రకటించింది. నేటి మెయిన్‌ఫ్రేముల్లో నడిచే జడ్/వీఎం ఆ వంశంలోదే.

ఈ మాయలోని కిటుకు ఇది. గెస్ట్ ఇచ్చే ఆదేశాల్లో కూడికలు, తీసివేతలు, పోలికల వంటి మామూలు పనులన్నీ నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి. డిస్క్‌ను కదపడం, మెమరీ పట్టికలు మార్చడం వంటి అధికారపు ఆదేశం వచ్చినప్పుడు ప్రాసెసర్ ఆగి, పగ్గాలు కంట్రోల్ ప్రోగ్రామ్‌కు అప్పగిస్తుంది. అది ఆ పనిని నటించి చూపి, గెస్ట్‌ను మళ్లీ నడిపిస్తుంది. గుమాస్తా రోజంతా తన బల్ల దగ్గర ఎంత చకచకా రాసుకున్నా, సంతకం కావలసిన ప్రతి కాగితానికీ పై అంతస్తులోని అధికారి గదికి వెళ్లిరావాలి. వర్చువల్ మెషిన్ వేగం అతను ఎంత వేగంగా రాస్తాడన్నదాని మీద కాక, రోజుకు ఎన్నిసార్లు మెట్లెక్కుతాడన్నదాని మీద ఆధారపడుతుంది. ఇంజినీర్లు ఆ ప్రయాణాన్ని ఎగ్జిట్ అంటారు.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బెర్గ్ ఈ పద్ధతికి గణితపు పునాది వేశారు. అసలు యంత్రం మీద నడిచినట్టే నడవాలి, వనరుల మీద పెత్తనం కంట్రోల్ ప్రోగ్రామ్‌దే కావాలి, ఎక్కువ ఆదేశాలు దాని జోక్యం లేకుండా సాగాలి అన్నవి వారు పెట్టిన షరతులు.

అదే ఏడాది గోల్డ్‌బెర్గ్, హాసింగర్ కలిసి రాసిన మరో పత్రం అంతగా పేరుకెక్కలేదు. నెమ్మది సంగతి పట్టించుకునేవారికి మాత్రం అదే ఎక్కువ పనికొస్తుంది. మెమరీ చాలనప్పుడు గెస్ట్ తన పేజీలను డిస్క్ మీదికి నెడుతుంది. అడుగున ఉన్న కంట్రోల్ ప్రోగ్రామ్‌కూ మెమరీ చాలకపోతే అదీ నెడుతుంది. గెస్ట్ డిస్క్‌కు పంపాలనుకున్న పేజీని కంట్రోల్ ప్రోగ్రామ్ అప్పటికే డిస్క్‌కు పంపేసి ఉండొచ్చు. అలాంటప్పుడు దాన్ని మళ్లీ బయటకు నెట్టడం కోసమే లోపలికి తెప్పించాలి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, అసలు మెమరీ పెరగకుండా గెస్ట్‌కు మాత్రం మెమరీ పెంచితే ఈ పేజీల రాకపోకలు తగ్గకపోగా పెరగవచ్చని వారు చూపించారు. ‘స్లోగా ఉంది, ర్యామ్ పెంచు’ అనే ఇంటింటి వైద్యం బెడిసికొట్టే తీరు యాభై ఏళ్ల క్రితమే కాగితం మీదికి ఎక్కిందన్నమాట.

ఈ వైద్యం అమీర్‌పేట శిక్షణ కేంద్రాల చుట్టూ తిరిగినవారికి కొత్తేమీ కాదు. హడూప్ కోర్సులు జోరుగా నడిచిన రోజుల్లో విద్యార్థులు ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకున్న క్లౌడెరా క్విక్‌స్టార్ట్ వీఎంకు కనీసం 4 జీబీ ర్యామ్ ఇవ్వాల్సి వచ్చేది. ల్యాప్‌టాప్‌లో ఉన్నదే 4 జీబీ అయితే విండోస్‌కు మిగిలేది ఏముంటుంది? అంతా ఇచ్చేస్తే హోస్ట్, అంటే గెస్ట్‌ను మోసే బయటి సిస్టం, డిస్క్ మీద పడి ఏడుస్తుంది, తక్కువిస్తే గెస్ట్ ఏడుస్తుంది. సగటు ల్యాప్‌టాప్‌లో గెస్ట్‌కు సగానికి మించి ఇవ్వకపోవడమే మేలు. అప్పుడు కూడా హోస్ట్‌లో బ్రౌజర్ ట్యాబులు మూసేయాలి.

ఐబీఎం ఈ చిక్కును దాటిన దారి ఆసక్తికరం. ఓఎస్/వీఎస్1 అనే తన ఆపరేటింగ్ సిస్టానికి ‘నువ్వు వీఎం/370 కింద ఉన్నావు’ అని చెప్పేసింది. ఆ ఒప్పందానికి హ్యాండ్‌షేకింగ్ అని పేరు. విషయం తెలిశాక వీఎస్1 తన పేజీల గొడవ మానుకుని, ఆ పని కంట్రోల్ ప్రోగ్రామ్‌కు వదిలేసింది. గుట్టు కొంచెం విప్పితే వేగం వచ్చింది. అప్పటినుంచి వర్చువల్ మెషిన్ వేగం పెరిగిన సందర్భాలు చూస్తే, చిప్‌లలో వచ్చిన మార్పుల్ని పక్కనపెడితే, తక్కినవన్నీ దాదాపు ఇదే బాటలో నడిచాయి.

ఇక పీసీల సంగతి. పోపెక్, గోల్డ్‌బెర్గ్ పెట్టిన పరీక్షలో ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్ తప్పింది. పెంటియంలో అలా తప్పిన ఆదేశాలు పదిహేడని 2000లో ఒక పరిశోధన లెక్కతేల్చింది. వాటిలో పాప్ఎఫ్ ఒకటి. అధికారం లేని ప్రోగ్రామ్ దానితో ఇంటరప్టులను ఆపాలని చూస్తే ప్రాసెసర్ అడ్డుచెప్పదు, పట్టుకుని పైకి పంపదు, కిమ్మనకుండా ఊరుకుంటుంది. ఆపానని గెస్ట్ అనుకుంటుంది. ఆగలేదు. స్టాన్‌ఫర్డ్‌లో 1997లో డిస్కో ప్రాజెక్టు మీద పనిచేసిన మెండెల్ రోజెన్‌బ్లమ్, స్కాట్ డివైన్, ఎడ్వర్డ్ బున్యాన్, వారితో పాటు డయాన్ గ్రీన్, ఎలెన్ వాంగ్ 1998లో స్థాపించిన వీఎంవేర్ దీనికి మొండి పరిష్కారమే కనిపెట్టింది. గెస్ట్ కెర్నల్ కోడ్‌ను నడిచే ముందే చదివి, ప్రమాదకరమైన ఆదేశాల స్థానంలో వేరే కోడ్ పెట్టి, అనువదించిన దాన్నే నడిపించడం. 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ బజారులోకి వచ్చింది.

2005 చివర్లో ఇంటెల్, 2006లో ఏఎమ్‌డీ ప్రాసెసర్‌లోనే వర్చువలైజేషన్‌కు చోటిచ్చాయి. ఇక అనువాదం పాట్లు తీరాయనీ, హార్డ్‌వేర్ వేగం ఊపేస్తుందనీ అందరూ అనుకున్నారు. 2006లో వీఎంవేర్ ఇంజినీర్లు కీత్ ఆడమ్స్, ఓలే ఆగెసెన్ రెండింటినీ పోల్చి చూస్తే చాలా పనుల్లో పాత అనువాదమే గెలిచింది. తొలి చిప్‌లలో ఒక్క ఎగ్జిట్‌కు వెళ్లిరావడానికి వేల సైకిళ్లు పట్టేవి. అనువాదకుడు తెలివిగా కొన్ని ప్రయాణాలను అసలు లేకుండా చేసేవాడు. హార్డ్‌వేర్‌కు ఆ తెలివి లేదు, ప్రతిదానికీ మెట్లెక్కేది. తర్వాతి తరాల చిప్‌లలో ఈ ఖర్చు వెయ్యి సైకిళ్ల లోపుకు దిగింది. మెమరీ పట్టికల వ్యవహారాన్ని కూడా ఏఎమ్‌డీ 2007లో, ఇంటెల్ 2008లో ప్రాసెసర్‌కే అప్పజెప్పాయి. అది కూడా ఉచితం కాదు. ప్రాసెసర్ ఒక చిరునామా వెతకడానికి మామూలు యంత్రంలో నాలుగుసార్లు మెమరీని చూస్తే, గెస్ట్‌లో కొన్నిసార్లు 24 సార్లు చూడాలి. డేటాబేస్‌ల వంటివాటికి పెద్ద పేజీలు వాడమనే సలహా అందుకే.

గెస్ట్ ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఖర్చు తప్పదు. విండోస్ 95కు పని లేకపోతే ప్రాసెసర్‌ను నిద్రపుచ్చడం రాదు, ఊరికే గిరగిర తిరుగుతుంది. నిజమైన కంప్యూటర్‌లో దానితో కొంచెం వేడి పుడుతుందంతే, వర్చువల్ మెషిన్‌లోనైతే హోస్ట్ ప్రాసెసర్ ఒకటి నూటికి నూరు శాతం దానికే బలి. లినక్స్ 2.6 తొలి కెర్నల్‌లు సెకనుకు 1000 గడియారపు టిక్కులు అడిగేవి, పని ఉన్నా లేకున్నా. పది గెస్ట్‌లుంటే సెకనుకు పదివేలు. హోస్ట్ అన్నిటినీ సమయానికి అందించలేక కొన్ని జారిపోయేవి, గెస్ట్ గడియారం వెనకబడేది. ఇక 32 బిట్ విండోస్ ఎక్స్‌పీ అయితే ఇంటరప్టుల ప్రాధాన్యాన్ని చెప్పే టీపీఆర్ అనే రిజిస్టర్‌ను పదేపదే తాకేది. తాకిన ప్రతిసారీ ఒక ఎగ్జిట్. ఆ ఒక్క అలవాటును భరించడానికి ఇంటెల్ ప్రాసెసర్‌లో ఫ్లెక్స్‌ప్రయారిటీ అనే ఏర్పాటు చేర్చవలసి వచ్చింది.

డిస్క్, నెట్‌వర్క్ కార్డుల దగ్గర ఈ రాకపోకలు మరీ ఎక్కువ. గెస్ట్‌కు పాతకాలపు ఐడీఈ డిస్క్ ఉన్నట్టు నమ్మిస్తే, అది ఆ డిస్క్‌కు చేసే మర్యాదలన్నీ ఒక్కొక్కటిగా చేస్తుంది, ప్రతి మర్యాదా ఎగ్జిటే. 2003లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వెలువరించిన జెన్ అనే హైపర్‌వైజర్, గెస్ట్‌కు నిజం చెప్పేసి పని సులువు చేసుకుంది. 2008లో ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ రస్టీ రస్సెల్ రూపొందించిన వర్టియో అదే పనికి అందరికీ ఒకే పద్ధతి ఇచ్చింది. ఇద్దరికీ అందుబాటులో ఉండే మెమరీ వరుసలో గెస్ట్ తన అభ్యర్థనలు పేర్చుకుంటూ పోతుంది, అన్నిటికీ కలిపి హోస్ట్‌ను ఒక్కసారి తట్టి పిలుస్తుంది. వర్చువల్‌బాక్స్ గెస్ట్ అడిషన్స్, వీఎంవేర్ టూల్స్ తెచ్చే డ్రైవర్లు గెస్ట్‌ను హోస్ట్‌తో సూటిగా మాట్లాడనిస్తాయి. అవి ఎక్కించకుండా నెమ్మది గురించి ఫిర్యాదు చేస్తే ఏ సపోర్ట్ ఇంజినీరైనా మొదట అడిగేది వాటి గురించే.

ప్రాసెసర్లు ఎక్కువ ఇవ్వడం ఇంకో ఉచ్చు. నాలుగు కోర్ల హోస్ట్ మీద గెస్ట్‌కు నాలుగు ప్రాసెసర్లు రాసిస్తే హోస్ట్ సొంత పనికి చోటెక్కడ? వాటిలో ఒకటి లాక్ పట్టుకుని ఉండగా హోస్ట్ దాన్ని పక్కన కూర్చోబెడితే, తక్కిన మూడూ ఆ లాక్ కోసం గిరగిర తిరుగుతూ సమయం తగలేస్తాయి. రెండు ప్రాసెసర్లకు తగ్గిస్తే గెస్ట్ చురుకు కావడం చూసి కొత్తవాళ్లు నమ్మరు. లినక్స్‌లో టాప్ కమాండ్ కొట్టి, ప్రాసెసర్ వరుస చివర ‘ఎస్‌టీ’ అక్షరాల పక్కన ఉన్న అంకెను చూస్తే సంగతి తేలుతుంది. పని సిద్ధంగా ఉన్నా హోస్ట్ ప్రాసెసర్ దొరక్క గెస్ట్ ఎంత కాలం ఆగిందో అది చెబుతుంది. దాని పేరు స్టీల్, అంటే దొంగిలించిన కాలం. వీఎంవేర్ సర్వర్లలో ఇదే కథను బయటి నుంచి రెడీ టైమ్ చెబుతుంది.

వర్టియో లాంటి రాయబారం మెమరీకీ ఉంది. 2002లో కార్ల్ వాల్డ్‌స్పర్గర్ వీఎంవేర్ ఈఎస్ఎక్స్ సర్వర్ గురించి రాస్తూ వివరించిన బెలూనింగ్ అది. హోస్ట్‌కు మెమరీ కరువైతే గెస్ట్ లోపలి బెలూన్ డ్రైవర్ ఉబ్బి మెమరీ ఆక్రమిస్తుంది, ఏ పేజీలు వదులుకోవాలో గెస్టే తేల్చుకుంటుంది. గెస్ట్‌లో ఎవరూ వాడని మెమరీ ఉన్నట్టుండి నిండిపోయినట్టు కనిపిస్తే, ముందు అనుమానించాల్సింది ఆ బెలూన్‌ను. స్నాప్‌షాట్లదీ కనపడని భారమే. ఒక్కోటి తీసిన కొద్దీ డిస్క్ ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, ఒక బ్లాక్ చదవడానికి గొలుసంతా వెతకాల్సి రావచ్చు.

ఇంతలో 2018 వచ్చింది. జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్, ఆగస్టులో ఎల్1టీఎఫ్ అనే లోపాలు ప్రాసెసర్లలో బయటపడ్డాయి. ఒక గెస్ట్ పక్క గెస్ట్ రహస్యాలను ప్రాసెసర్ క్యాష్ ద్వారా పసిగట్టగలదని తేలడంతో, గెస్ట్‌లోకి తిరిగి అడుగుపెట్టే ముందు ఎల్1 క్యాష్‌ను ఖాళీ చేయడం హైపర్‌వైజర్లకు అవసరమైంది. పదేళ్లుగా తగ్గుతూ వచ్చిన ఎగ్జిట్ ఖర్చు మళ్లీ పెరిగింది. ఒకే కోర్‌ను పంచుకునే రెండు హైపర్‌థ్రెడ్లలో వేర్వేరు గెస్ట్‌లు నడవకుండా కొందరు హైపర్‌థ్రెడింగ్‌నే ఆపేశారు. 2021లో వచ్చిన లినక్స్ 5.14 కోర్ షెడ్యూలింగ్ తెచ్చి, ఒకరినొకరు నమ్మే పనుల్ని మాత్రమే ఒక కోర్‌లో కలిపి నడిపే వీలు కల్పించింది. అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్‌లో ఇవేవీ వాడకందారు చేతిలో ఉండవు. అక్కడ అతనికి మిగిలే పని వేర్వేరు వేళల్లో ఆ ఎస్‌టీ అంకెను రాసిపెట్టుకోవడం, అది తగ్గకపోతే గెస్ట్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టి వేరే హోస్ట్ మీద పడుతుందేమో చూడడం.