మీకు తెలుసా? భవానీ ద్వీపానికి టికెట్టు గట్టు మీదే

విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణా నది నడుమ సుమారు 130 ఎకరాల్లో పరచుకున్న భవానీ ద్వీపానికి వంతెన లేదు గనుక, అక్కడి పర్యాటక వ్యాపారమంతా పడవ టికెట్టుతోనే మొదలవుతుంది. సందర్శకుడు ద్వీపాన్ని చూడకముందే నగరం వైపున్న రేవులో కొనుగోలుదారుగా మారతాడు; అందువల్ల ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థకు అక్కడి బెర్మ్ పార్కు రేవు కేవలం పడవ ఎక్కే చోటు కాదు, అసలైన అంగడి.

ఇంద్రకీలాద్రిపై వెలసిన కనకదుర్గమ్మకున్న భవానీ అనే పేరే ద్వీపానికీ దక్కింది. దసరా శరన్నవరాత్రులకు, భవానీ దీక్షల విరమణకు తరలివచ్చే భక్తజనం కొండ దిగగానే నది ఎదురవుతుంది కనుక, ఏ ప్రకటనా తేలేనంత మంది సందర్శకులను ఆ ఆలయమే రేవు దాకా తెచ్చిపెడుతుంది. చిన్న ద్వీపానికి ఇంతకు మించిన ప్రచారం దొరకడం అరుదు.

అయితే ఈ వ్యాపారపు పగ్గాలు నది చేతిలో ఉన్నాయి. బ్యారేజీ నిలిపి ఉంచే నీటి వల్ల పడవలు తిరుగుతాయి. వరద పెరిగితే అవే ఆగిపోతాయి. 2024 సెప్టెంబరు ఆరంభంలో బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) దాటినప్పుడు ద్వీపం నీట మునిగింది. వానాకాలంలో భవానీ ద్వీపానికి బయలుదేరేవారు ముందుగా పడవలు నడుస్తున్నాయో లేదో విచారించుకోవాలి.