మరుగుననున్న పోలిక

బారసాల నాడు ఉయ్యాల చుట్టును చేరిన పెద్దమ్మలు మొట్టమొదట విచారించునది బిడ్డకు వచ్చిన ముక్కు ఎవరిదని. తండ్రిది కాదు, తల్లిది కాదు. కడకు ఒక ముసలమ్మ, ఆ బిడ్డ ఎన్నడును చూడబోని ముత్తాతను తలచుకొని, అది ఆయన ముక్కే యని తీర్పు చెప్పును. అందరును నవ్వుదురు. గాని ఆ తీర్పులో ఒక గడ్డుప్రశ్న ఉన్నది. తండ్రియందు కనబడని పోలిక తాతముత్తాతల నుండి బిడ్డకు ఏ త్రోవను వచ్చినది? నడుమ తరములో అది ఎక్కడ దాగియుండెను?

పందొమ్మిదవ శతాబ్దములో పెక్కుమంది పండితులు, తల్లిదండ్రుల లక్షణములు బిడ్డయందు కలిసిపోవునని తలచుచుండిరి. పాలును డికాక్షనును కలిపిన కాఫీ యగును. అటుపిమ్మట దానినుండి పాలను వేరుచేయుట ఎవరి తరమును గాదు. సంతానముకూడ అట్టిదేయైనచో ముత్తాత ముక్కు తిరిగి వచ్చుట కల్ల. ఈ చిక్కును విప్పినవాడు ఒక బడిపంతులు. అతడు పంతులు పరీక్షలో తప్పినవాడు కూడ.

ఆనాడు ఆస్ట్రియా సామ్రాజ్యములో నుండి, నేడు చెక్ దేశములోనున్న ఒక పల్లెలో 1822లో రైతు కుటుంబమున పుట్టిన యోహాన్ మెండెలు, 1843లో బ్రనో పట్టణపు క్రైస్తవ మఠములో చేరి గ్రెగర్ అను పేరు గ్రహించెను. 1850లో ఉపాధ్యాయ పరీక్షకు కూర్చుండి తప్పెను. వియన్నా విశ్వవిద్యాలయములో రెండేండ్లు చదివివచ్చి 1856లో మరల ప్రయత్నించెను, ఫలింపలేదు. అయినను 1854 మొదలు పదునాలుగేండ్లు అతడు పాఠములు చెప్పుచునే యుండెను. మన బడుల భాషలో చెప్పవలెనన్న, కడవరకును ‘అన్‌ట్రెయిన్డు’ మేష్టరే!

ఆ మేష్టరు 1856లో మఠపు తోటలో బఠాణీలతో పరిశోధన ఆరంభించెను. ముందుగా విత్తనముల వారి నుండి 34 రకములు తెప్పించి, రెండేండ్లు పెంచి, ఏవి తరతరమునకును మారక నిలుచునో పరీక్షించి, 22 రకములను ఏరుకొనెను. ఈ ఓపికయే అతని శాస్త్రములో సగము. బఠాణీ పూవు తన పుప్పొడితో తానే ఫలించును. కనుక మెండెలు విచ్చని మొగ్గను చిన్న పటకారుతో విప్పి, అందలి కేసరములను తీసివేసి, వేరొక మొక్క పుప్పొడిని అద్ది, తేనెటీగలు వాలకుండ సంచి కట్టెను. ఇట్లు గుండ్రని గింజల జాతిని, ముడుతలుపడిన గింజల జాతిని సంకరము చేయగా, వచ్చిన గింజలన్నియు గుండ్రనివే. ఒక్కదానియందైనను ముడుత జాడ లేదు.

సామాన్యుడు ఇచ్చట ఆగి, ముడుత నశించినదని వ్రాసికొని పోవును. మెండెలు ఆ గుండ్రని గింజలనే మరుసటి ఏడు నాటెను. 253 మొక్కలు పెరిగి, తమ పుప్పొడితో తామే ఫలించెను. కాయలను ఒలిచి లెక్కింపగా 7,324 గింజలు. వానిలో గుండ్రనివి 5,474, ముడుతవి 1,850. ఒకే కాయలో రెండు రకములును ప్రక్కప్రక్కనే యుండెను. మరలివచ్చిన ముడుత సగము ముడుత కాదు. తాత యందెట్లుండెనో అట్టిదే. పసుపు, ఆకుపచ్చ గింజలతో చేయగా 6,022కు 2,001 వచ్చెను. రెండు తావులను ఇంచుమించు మూడింటికి ఒకటి.

దీనికి అతడు చెప్పిన సమాధానము సులభమైనది. ప్రతి లక్షణమునకును మొక్కయందు రెండు కారకములుండును: ఒకటి తల్లి యిచ్చినది, ఒకటి తండ్రి యిచ్చినది. తాను సంతానమున కిచ్చునపుడు ఆ రెంటిలో ఒక్కదానినే యిచ్చును. రెండును కలిసియుండునే గాని కరిగిపోవు. నేడు మనము వానిని జన్యువు లనుచున్నాము.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపుటకు తోట అక్కరలేదు. రెండు ముంతలు చాలును. ఒక్కొక్కదానిలో ఒకే పరిమాణము గల తెల్లపూసలు యాబది, నల్లపూసలు యాబది వేయుడు. విద్యార్థి కన్నులు మూసికొని ముంతకొక పూస చొప్పున తీసి, జంటను వ్రాసికొని, తిరిగి వేయవలెను. తెల్లపూస ఒక్కటి యున్నను గుండ్రని గింజ. రెండును నల్లవైననే ముడుత గింజ. పదిమారులు తీసిన లెక్క ఎట్లైనను రావచ్చును. రెండువందల మారులు తీసినచో నల్లజంటలు ఏబదికి చేరువగా వచ్చును. మెండెలు వేలకొలది గింజలను ఒలుచుటకు కారణ మిదియే. (అతని లెక్కలు ఉండవలసినదానికంటె మరీ చక్కగా కుదిరినవని 1936లో ఫిషరను గణాంకవేత్త సందేహించెను. ఆ వాదము చాలకాలము నడచెను. సూత్రము మాత్రము చెక్కుచెదరలేదు.)

అయినను, కారకము దాగియుండుట యన నేమి? దీనికి జవాబు 1990లో ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సంస్థ శాస్త్రజ్ఞుల వలన దొరికినది. గింజలో పిండిపదార్థము తయారగుటకు ఒక ఎంజైము కావలెను. ముడుతరకములో ఆ ఎంజైమును గూర్చిన జన్యువు నడుమ వేరొక తునుక చొరబడి దానిని చెరచినది. అందువలన పిండి తగ్గి, చక్కెర మిగిలి, పచ్చిగింజ నీరు ఎక్కువగా పీల్చును, ఎండినప్పుడు ముడుచుకొనిపోవును. రెండు ప్రతులలో ఒకటి బాగున్నను పని సాగును, గింజ గుండ్రముగనే యుండును. చెడిన ప్రతి పైకి కనబడదు; అయినను ఆ మొక్క సంతతికి అందుచునే యుండును.

మెండెలు ఈ విషయమును 1865లో బ్రనోలో చదివెను; 1866లో అచ్చయ్యెను. పట్టించుకొన్నవారు అరుదు. 1868లో మఠాధిపతియై, పన్నుల విషయమున ప్రభుత్వముతో తగవులాడుచు, 1884లో మరణించెను. 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞులు, వేర్వేరు దేశములలో, ఆ సూత్రములనే కనుగొని అతని వ్యాసమును వెలికి తెచ్చిరి.

ఇక మన యిండ్లకు వత్తము. ముక్కు తీరు అనేక జన్యువులు కూడి ఏర్పరచునది. కనుక ముసలమ్మ తీర్పును మెండెలు లెక్కతో నిగ్గుతేల్చుట కష్టము. గాని తలసేమియా, కొడవలికణ వ్యాధి, కొన్ని విధముల పుట్టుచెవుడు సరిగా ముడుతగింజ లెక్కనే అనుసరించును. తల్లియు తండ్రియు చెడిన ప్రతి నొక్కొక్కటి దాచుకొని ఆరోగ్యముగనే యుందురు. వారి ప్రతి బిడ్డకును రోగము వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము. ఇచ్చట విద్యార్థులు తరచు పొరబడుదురు: ఒక బిడ్డకు వచ్చినది గనుక తరువాతి మువ్వురికి భయము లేదందురు. ముంతకు జ్ఞాపకశక్తి లేదు. ప్రతి మారును లెక్క మొదటికే వచ్చును.

తెలుగునాట మేనరికము పాత ఆచారము. ఒక అవ్వయందు చెడిన ప్రతి యొకటి దాగియున్నదనుకొందము. ఆమె కుమారుని బిడ్డకు అది చేరుటకు నాలుగింట ఒక పాలు. కుమార్తె బిడ్డకును అంతే. ఆ యిద్దరు మేనబావ మరదళ్ళకును చేరుటకు పదునారింట ఒక పాలు. వారు పెండ్లాడినచో, పుట్టు బిడ్డకు రెండు చెడిన ప్రతులును కలియుటకు 64 పాళ్ళలో ఒకటి. మేనమామ మేనకోడలిని చేసికొన్నచో అది 32లో ఒకటియగును. ఆ మనుమడే బయటి సంబంధము చేసికొని, బయటివారిలో నూటికొక్కరియందు ఆ ప్రతి ఉన్నదనుకొన్నచో, 1600లో ఒకటి మాత్రమే.

ఆంధ్రదేశపు మేనరికములను శాస్త్రదృష్టితో లెక్కించినవారిలో ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. 1957లో కలకత్తా వచ్చి స్థిరపడిన ఆంగ్ల జన్యుశాస్త్రవేత్త హాల్డేను వద్ద శిష్యరికము చేసి, మీరాఖానుతో కలిసి వ్రాసిన పరిశోధన వ్యాసమును 1963లో ప్రకటించెను. మేనరికపు బిడ్డలందరును రోగులని ఎవరును చెప్పలేదు; పై లెక్కయే చూడుడు, అత్యధికులు ఆరోగ్యవంతులు. పొలము చీలిపోదు, పిల్ల కంటి యెదుట నుండును అని పెద్దలు చెప్పు కారణములను నేను తేలికచేయను. అయినను తలసేమియా, కొడవలికణ వ్యాధుల చెడిన ప్రతి ఉన్నదీ లేనిదీ రక్తపరీక్షలో తెలియుచున్న ఈ కాలమున, జాతకములు చూచినవారు దానిని చూడకపోవుటకు కారణము నాకు తోచదు.

ఇట్టి బిడ్డ పుట్టిన యింట తల వంచుకొని తిరుగునది తల్లి యొక్కతెయే. ‘నీ పుట్టింటి దోష’ మని అత్తగారు అనుట మనమెఱిగినదే. మేనరికమైనచో ఆ పుట్టిల్లు అత్తగారి తోడబుట్టినవారిదే కావచ్చు! బయటి సంబంధమైనను లెక్క మారదు: నాలుగింట ఒక పాలుగా వచ్చు ఈ రోగములలో రెండు చెడిన ప్రతులు కలియవలెను, అందొకటి తండ్రి ఇచ్చినది.

వరుసగా ఆడపిల్లలు కలిగినప్పుడు ఆ తల్లి పడు మాటలును ఇట్టివే. మనుష్యుని కణములో 46 క్రోమోసోములు గలవు. బిడ్డ ఆడయో మగయో తేల్చునవి అందు రెండు. స్త్రీకి ఆ రెండును ఎక్స్ అను రకమువి; పురుషునికి ఒకటి ఎక్స్, ఒకటి వై. తండ్రి నుండి వై వచ్చిన మగబిడ్డ, ఎక్స్ వచ్చిన ఆడబిడ్డ. ఆ వై రకము తల్లివద్ద ఇచ్చుటకు లేనేలేదు.