బెంగళూరు పౌరకార్మికుల సభలు - అవి ఏమి అడిగాయి, ఏమి సాధించాయి

హిందూపురం, మడకశిర, కుప్పం, పలమనేరు ప్రాంతాలలో బెంగళూరుకు వలస వెళ్లిన కుటుంబం ఒక్కటైనా లేని గ్రామం అరుదు. కొందరు కట్టడపు పనులకు, మరికొందరు దుస్తుల కర్మాగారాలకు వెళ్లారు. దళిత కుటుంబాలలో ఎందరో ఆ మహానగరపు వీధులను ఊడ్చే పనిలో తరతరాలుగా కొనసాగుతున్నారు. బెంగళూరు వీధులను శుభ్రపరచే వారిలో అధిక సంఖ్యాకులు దళితులు. వారిలోనూ తెలుగు మాట్లాడే మాదిగ కుటుంబాల వారే ఎక్కువ. స్త్రీల సంఖ్య మరీ ఎక్కువ.

కొన్నేళ్ల క్రితం నా తరగతిలోని ఒక బాలిక దరఖాస్తులో తల్లి వృత్తి అన్నచోట "ఇంటిపని" అని వ్రాసింది. ఆ తల్లి బెంగళూరులో వీధులు ఊడుస్తుందని నాకు తెలుసు. ఎందుకమ్మా ఇలా వ్రాశావని అడిగితే తల వంచుకున్నదే గాని బదులు చెప్పలేదు. ఆ మౌనమే ఈ వ్యాసానికి కారణం.

ముందుగా పేరు సంగతి. కర్ణాటకలో ఈ పని చేసే వారిని పూర్వం "జాడమాలి" అని పిలిచేవారు. ఇప్పుడు అధికారికంగా "పౌరకార్మిక" అంటారు. పురానికి చెందినది పౌరం. పౌరుడు, పౌరహక్కులు అనే మాటలు తెలుగులోనూ కన్నడంలోనూ ఆ మూలం నుండి పుట్టినవే. పేరు మారినంత మాత్రాన బ్రతుకు మారదు. దానిని మార్చడానికే ఈ కార్మికులు సభలు జరుపుకొన్నారు.

ఈ సభలు చాలాకాలం జె.సి. రోడ్డులోని పుట్టణ్ణ చెట్టి టౌన్ హాలు మెట్ల మీద, ఫ్రీడం పార్కులో జరిగేవి. ఫ్రీడం పార్కు ఒకప్పటి కేంద్ర కారాగారం. 1975 నాటి అత్యవసర పరిస్థితిలో వాజ్‌పేయి, అద్వానీ వంటి నాయకులను అక్కడనే నిర్బంధించారు. మెజెస్టిక్ నుండి నడచి వెళ్లగల దూరంలో ఉన్న ఆ స్థలం తరువాత ఉద్యానవనమయింది. 2021 నాటి పోలీసు ఉత్తర్వు ననుసరించి నగరంలో నిరసన సభలను ఫ్రీడం పార్కుకే పరిమితం చేశారు. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణం మనందరికీ ఇచ్చినదే. అయితే అనుమతి ముందుగా తీసుకోవాలి. సంఘం పేరుతో వెళ్లడంలోని ప్రయోజనం అదే. అనుమతి, మైకు, వినతిపత్రం అన్నీ సంఘమే చూసుకుంటుంది.

కార్మికులు అడిగినవేవీ గొంతెమ్మ కోరికలు కావు. జీతం కాంట్రాక్టరు చేతి మీదుగా గాక నేరుగా బ్యాంకు ఖాతాలో పడాలి. పని చేసే చోట త్రాగునీరు, మరుగుదొడ్డి ఉండాలి. చేతి తొడుగులు ఇవ్వాలి. వారానికొక సెలవు, ప్రసూతి సెలవు ఉండాలి. అన్నిటికంటె ముఖ్యమైన కోరిక ఉద్యోగం ఖాయం చేయాలన్నది. మన తెలుగులో గుత్త అన్నదే కన్నడంలో గుత్తిగె. గుత్తపని అంటే ఈ రోజు ఉంటుంది, రేపు మేస్త్రీకి కోపం వస్తే ఉండదు.

ఈ పోరాటం దశలవారీగా సాగింది. 2017లో కర్ణాటక ప్రభుత్వం వీధులు ఊడ్చే కార్మికులకు కాంట్రాక్టరును తొలగించి నేరుగా జీతం చెల్లించాలని నిర్ణయించింది. మరుసటి సంవత్సరం బెంగళూరులో అది అమలయింది. కాని ఆ మార్పులో ఎందరికో నెలల తరబడి జీతాలు అందలేదు. 2018 జూలైలో జీతం రాని ఒక కార్మికుడు ప్రాణం తీసుకున్నాడు. 2022 జూలై 1న రాష్ట్రమంతటా కార్మికులు చీపుళ్లు క్రింద పెట్టి సమ్మెకు దిగారు. నాలుగు రోజులలో ప్రభుత్వం వ్రాతపూర్వకమైన హామీ ఇచ్చింది. ఆ సంవత్సరమే రాష్ట్రంలో 11,133 మందిని మొదటి విడతగా ఖాయం చేయడానికి మంత్రివర్గం ఆమోదించింది. 2025 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, బెంగళూరులో 12,692 మందికి నియామక పత్రాలు అందజేశారు. అయితే చెత్త బండ్ల డ్రైవర్లు, సహాయకులు, లోడర్లు ఈ లెక్కలోకి రాలేదు. వారి కోరిక ఇంకా మిగిలే ఉన్నది.

ఇది జీతం తగాదా మాత్రమే కదా, సామాజిక న్యాయం ప్రసక్తి ఎందుకు అని కొందరు అడుగుతారు. దీనికి సముద్రాల కవతలి ఉదాహరణ ఒకటి ఉన్నది. అమెరికాలోని మెంఫిస్ నగరంలో చెత్త ఎత్తే కార్మికులు దాదాపు అందరూ నల్లజాతివారు. 1968 ఫిబ్రవరి 1న చెత్త బండి యంత్రంలో నలిగి ఇద్దరు కార్మికులు మరణించారు. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది సమ్మె చేశారు. వారు పట్టుకున్న అట్టలమీద జీతం మాట లేదు, "నేను మనిషిని" అని మాత్రమే ఉన్నది. వారికి అండగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న ఆ నగరంలోనే కాల్చి చంపారు. ఏప్రిల్ 16న నగర పాలకులు కార్మికుల సంఘాన్ని గుర్తించి ఒప్పందం చేసుకున్నారు. అక్కడ వర్ణం చూసి, ఇక్కడ కులం చూసి, చెత్తపని ఫలానావారిదే అని సమాజం ముందే నిర్ణయించింది. పుట్టుకను బట్టి పని అంటగట్టడం రెండు చోట్లా ఒకటే. 2001లో డర్బన్‌లో జరిగిన జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సులో మన దళిత ప్రతినిధులు వాదించినది ఇదే.

మన సరిహద్దుకు సమీపంలోని కోలారు బంగారు గనుల పట్టణంలో, పాకీ పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్ వ్యవస్థాపకులలో ఒకరు. ఆయనకు 2016లో మెగసెసే పురస్కారం లభించింది. ఆ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లినందువలననే 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 తరువాత మురుగు కాలువలలో మరణించిన ప్రతి కార్మికుని కుటుంబానికి 10 లక్షల రూపాయలు చెల్లించాలని కోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం.

ఇక బెంగళూరులో తమవారున్న కుటుంబాలు గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నవి.

ఒకటి: హాజరు వివరాలు, జీతపు చీటీ, పి.ఎఫ్. సంఖ్య, ఇ.ఎస్.ఐ. కార్డు, బ్యాంకు పుస్తకం ఇంట భద్రపరచండి. ఖాయం చేసేటప్పుడు ఎన్నేళ్లు పని చేశారన్న దానికి సాక్ష్యం ఈ కాగితాలే.

రెండు: కులధ్రువీకరణ విషయం. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులానికి చెందినవారు కర్ణాటకకు వలస వెళ్లినంత మాత్రాన అక్కడి రాష్ట్ర రిజర్వేషను వర్తించదని సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. 1950 ఆగస్టు 10 నాటికి కుటుంబం ఎక్కడ స్థిరపడి ఉన్నదో అదే చూస్తారు. వలస వెళ్లినవారికి సొంత రాష్ట్రంలోనూ, కేంద్ర ప్రభుత్వ విద్యా ఉద్యోగాలలోనూ హక్కు పోదు. కనుక పిల్లల ధ్రువపత్రాన్ని సొంత మండలంలో సకాలంలో తీసి ఉంచండి.

మూడు: కులం పేరుతో అవమానిస్తే 14566 అనే సంఖ్యకు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఉచిత న్యాయసహాయానికి 15100. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల వారికి ఈ సహాయం ఆదాయంతో నిమిత్తం లేకుండా లభిస్తుంది. సంఘటన ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

నాలుగు: సంఘం సభకు పిలిచినప్పుడు ఒక పూట పని పోతుందని వెనుకాడకండి. పైన చెప్పిన నియామక పత్రాలు ఒక్కొక్కరుగా అడిగితే వచ్చినవి కావు.

చివరగా పిల్లలకు ఒక మాట. అమ్మ నగరాన్ని శుభ్రపరచే పని చేస్తున్నదని వ్రాయడానికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఆ పనిని ఒక్క కులానికే అంటగట్టిన సమాజమే సిగ్గుపడాలి. దరఖాస్తులో ఆ గడి వచ్చినప్పుడు "పౌరకార్మికురాలు" అని స్పష్టంగా వ్రాయండి. ఆ మాట ఎలా వ్రాయాలో తెలియకపోతే మీ ఉపాధ్యాయుని అడగండి. నేర్పడం మా బాధ్యత.