మోకాళ్ల నొప్పికి మనసు వైద్యం

గల్ఫ్ నుంచి ఇంటికి ఫోన్ చేసే మనలో చాలామంది మొదట అడిగేది ఒక్కటే: "అమ్మా, మోకాళ్ల నొప్పులు తగ్గినయా?" తగ్గలేదంటే మాత్రలకు డబ్బు పంపిస్తాం. కానీ పెద్ద వయసులో నొప్పి మాత్రలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. బీపీ, షుగర్ ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ.

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. వెన్నుపాములో ఒక 'గేటు' లాంటి ఏర్పాటు ఉందని, మెదడు నుంచి వచ్చే సంకేతాలు దాన్ని తెరవడమో మూయడమో చేస్తాయని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. దిగులు, భయం, నిద్రలేమి నొప్పిని పెంచుతాయి. అంతమాత్రాన ఆ నొప్పి ఉత్తుత్తిది కాదు.

ఏం నేర్పిస్తారు?

'కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ'లో నిపుణులు ముఖ్యంగా మూడు విషయాలు నేర్పిస్తారు. 'ఇక నా పని అయిపోయింది' అనే ఆలోచనను పరీక్షించి చూసుకోవడం మొదటిది. నెమ్మదిగా ఊపిరి తీస్తూ ఒళ్లు వదులు చేసుకోవడం రెండోది. పనిని కొలత ప్రకారం చేయడం మూడోది. ఒళ్లు బాగున్న రోజు పనంతా చేసేసి మర్నాడు మంచం పట్టడం మన పెద్దలకు అలవాటు. 20 నిమిషాలు నడవగలిగినవారు 15 నిమిషాలకే ఆగాలి. తర్వాత కొద్దికొద్దిగా పెంచుకోవాలి.

వృద్ధులపై జరిగిన 22 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ 2018లో వెలువడింది. ఈ చికిత్సల వల్ల మేలు కొద్దిపాటిదే అయినా ఉందని, నలుగురితో కలిసి నేర్చుకుంటే ఎక్కువ ఫలితం కనిపించిందని అందులో తేలింది.

ఫోన్‌లో మనం చేయగలిగింది

నొప్పి గురించి అడగండి, కానీ అక్కడితో ఆపకండి. "ఇయ్యాల ఎవరింటికి పోయినవ్? ఎంత దూరం నడిచినవ్?" అని కూడా అడగండి. నొప్పి చెప్పుకుంటేనే కొడుకు ఎక్కువసేపు మాట్లాడతాడన్న పరిస్థితి రానీయకండి.

జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాలు పట్టు తప్పడం, మూత్రంపై అదుపు పోవడం, కింద పడిన తర్వాత నొప్పి రావడం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. వాడుతున్న మందులను సొంతంగా ఆపవద్దు.

దిగులు, నిద్రలేమి వేధిస్తుంటే ఇండియాలోని పెద్దలు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ 'టెలీ మానస్' సేవ ఉచితం. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ నంబరు రాసి పెట్టుకోమని చెప్పండి.