ఢిల్లీకి ఒక రోజు నీళ్లంటే ఎన్ని చదరపు కిలోమీటర్ల మంచు?

ఢిల్లీ జల్ బోర్డు రోజూ సరఫరా చేసేది దాదాపు 1,000 ఎంజీడీ. ఒక ఎంజీడీ అంటే రోజుకు మిలియన్ గ్యాలన్లు, 45.46 లక్షల లీటర్లు. అంటే మొత్తం రోజుకు 455 కోట్ల లీటర్లు. ఇన్ని నీళ్లు హిమాలయాల మంచు నుంచే రావాలనుకుంటే ఎంత మేర మంచు కరగాలి?

మీటరు లోతున మంచు ఉందనుకుందాం. అది నిన్న రాత్రి కురిసిందైతే ఘనపు మీటరు బరువు 100 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. కరిగితే నిలిచేది 10 సెంటీమీటర్ల నీరు, చదరపు కిలోమీటరుకు 10 కోట్ల లీటర్లు. ఢిల్లీకి ఒక పూట కాదు, ఒక రోజంతా గడవాలంటే 45 చదరపు కిలోమీటర్లు కావాలి. అదే చలికాలమంతా కురిసిన మంచు మీటరు లోతుకు అణిగి అణిగి ఏప్రిల్‌కు 400 కిలోలకు చేరితే 11 చదరపు కిలోమీటర్లు, ఇంకాస్త చాలు. లోతు ఒకటే, పైనుంచి చూస్తే కనిపించే తెలుపూ ఒకటే. నీళ్లు మాత్రం నాలుగింతలు.

ఏటా ఏప్రిల్‌లో పత్రికల్లో వచ్చే మంచు శాతాలను ఈ లెక్క గుర్తుపెట్టుకునే చదవాలి. 2025లో కాఠ్మాండూ లోయలోని పర్వత పరిశోధన సంస్థ ఇసిమోడ్ నివేదిక ప్రకారం హిందూకుష్ హిమాలయాల్లో మంచు మామూలు కంటే 23.6 శాతం తక్కువ. అప్పటికి 23 ఏళ్లలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. గంగా పరీవాహకంలో లోటు 24.1 శాతం. అయితే ఆ సంఖ్య చెప్పేది నవంబరు నుంచి మార్చి దాకా మంచు నేల మీద ఎంతకాలం నిలిచిందన్నది. గంగలో నాలుగో వంతు నీళ్లు తగ్గిపోతాయని దానర్థం కాదు. హెచ్చరికగా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, కానీ లీటర్ల లెక్క అందులో లేదు.

లీటర్లు కావాలంటే మంచును తూచాల్సిందే. ఆ పద్ధతికి ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో రూపమిచ్చినవాడు అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ పాఠాలు చెప్పుకునే జేమ్స్ చర్చ్. పళ్లున్న గొట్టాన్ని మంచులో నేల తగిలేదాకా దించుతారు. పైకి తీశాక అడుగున కాస్త మట్టి అంటుకుందో లేదో చూస్తారు. మట్టి వచ్చిందంటే మంచు పూర్తిగా గొట్టంలోకి ఎక్కినట్టే. తర్వాత స్ప్రింగ్ త్రాసుకు తగిలించి, ఖాళీ గొట్టం బరువు తీసేస్తారు. గొట్టం మూతి వ్యాసం 1.485 అంగుళాలు. ఎందుకంత విడ్డూరమైన కొలత అంటే, అలా ఉంటే ఒక ఔన్సు బరువు సరిగ్గా ఒక అంగుళం నీటికి సమానమవుతుంది. చలికి వేళ్లు కొంకర్లు పోయే చోట గుణకారాలు చేయక్కర్లేదు. లాటిన్ మాస్టారిలో మంచి ఇంజనీరు దాగి ఉన్నాడు!

హిమాలయాల్లో చిక్కేమిటంటే, గొట్టం దిగేది మనిషి నడవగలిగిన చోటే. మంచు ఎక్కువగా పేరుకునేది అంతకన్నా పైన, హిమపాతాలు విరిగిపడే వాలుల్లో. గాలికి ఒకచోట మంచు కొట్టుకుపోతుంది, పది అడుగుల అవతల కుప్ప పడుతుంది.

అందుకే ఉపగ్రహాలు. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్‌ఎస్‌సీ) ఉపగ్రహ చిత్రాల్లో మంచు విస్తీర్ణం చూసి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా హిమాలయ నదుల్లోకి ఎంత మంచు నీరు దిగుతుందో అంచనా వేస్తుంది. మేఘమూ తెల్లనే, మంచూ తెల్లనే. కానీ షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌లో మేఘం వెలుగుతుంది, మంచు నల్లబడుతుంది. అలా రెంటినీ విడదీస్తారు. ఇక కరిగే లెక్క: సున్నా దాటిన ఒక్కో డిగ్రీకీ రోజుకు సుమారు 5 మిల్లీమీటర్లు అనుకుంటే, సగటున 8 డిగ్రీలున్న రోజు 40 మిల్లీమీటర్లు. విస్తీర్ణం తెలిస్తే ఈ రోజు ఎన్ని నీళ్లు దిగుతాయో చెప్పొచ్చు. ఎన్నాళ్లు దిగుతాయో చెప్పాలంటే మాత్రం మళ్లీ బరువు కావాలి.

రాజధానికి దీని అవసరం ఎంత? ఢిల్లీకి కొంత నీరు పంపే భాక్రా దగ్గర సట్లెజ్ నీటిలో మంచు, హిమానీనదాల వాటా 59 శాతమని, దేవప్రయాగ దగ్గర గంగలో 29 శాతమని అధ్యయనాలు తేల్చాయి. 140 ఎంజీడీల సోనియా విహార్ ప్లాంటుకు వచ్చేది గంగ నీరే, నోయిడా వాళ్లు ‘గంగాజల్’ అని పిలుచుకునేదీ అదే. 1981 ఒప్పందంలో రావి-బియాస్ నుంచి ఢిల్లీకి దక్కిన 0.20 మిలియన్ ఎకరపు అడుగులను రోజులకు పంచితే సుమారు 149 ఎంజీడీ. యమున సంగతి వేరు, అది ప్రధానంగా వానల నది.

2024 జూన్ 6న, నగరం ఎండలకు అల్లాడుతుండగా, మిగులు ఉందన్న 137 క్యూసెక్కులు వదలమని సుప్రీంకోర్టు హిమాచల్‌ను ఆదేశించింది. రోజుకు 33.5 కోట్ల లీటర్లు, అంటే 74 ఎంజీడీ. వారం తిరిగేసరికి మిగులే లేదని హిమాచల్ మాట మార్చింది. కొండల్లో నీటి లెక్క ఎంత వదులుగా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం మీద కొంత ఆశ ఉంది. దాని 24 సెంటీమీటర్ల రాడార్ తరంగం పొడి మంచులోంచి వెళ్లేటప్పుడు కాస్త నెమ్మదిస్తుంది. 12 రోజులకోసారి అదే చోటు మీదుగా వెళ్తూ, ఆ ఆలస్యంలో వచ్చిన తేడాను పట్టుకోగలిగితే మధ్యలో ఎంత నీరు పేరుకుందో లెక్కకట్టొచ్చు. మంచు తడిసిందంటే ఈ ఉపాయం పారదు. ఉపగ్రహం ఉదయం ఆరు, సాయంత్రం ఆరు ప్రాంతంలో దాటుతుంది కాబట్టి, ఏప్రిల్ వచ్చాక పనికొచ్చేది ఉదయం కొలతే. అదైనా నమ్మాలంటే కింద ఎక్కడో ఒకరు గొట్టం దించి తూచి ఉండాలి.