మట్టిరేకులు – ప్లాస్టిక్కు స్ఫటికములు

పిడికెడు మట్టి ప్లాస్టిక్కునకు బలమిచ్చునన్నచో మన పాఠకులలో కొందఱు నమ్మకపోవచ్చును. అయినను ఇది శాస్త్రజ్ఞులు పరీక్షించి తెలిసికొనిన విషయము. దీని కారణమును సంగ్రహముగా వివరింతుము.

ప్లాస్టిక్కులు మిక్కిలి పొడవైన అణువులతో నేర్పడినవి. కరగియున్నపుడు ఈ యణువులు చిక్కుపడిన నూలువలె నుండును. నైలాను వంటివి చల్లారునపుడు అణువులలో కొన్ని భాగములు మడతలుపడి వరుసలు తీరును. ఆ వరుసలే స్ఫటికములు. తక్కిన భాగము చిక్కుగానే నిలిచిపోవును. స్ఫటికముల సంఖ్యను, పరిమాణమును, రూపమును బట్టి వస్తువు గుణములు మాఱును.

స్ఫటికము మొదలగుటకు ఆధారమున్నచో పని సులభమగును. కలకండ చేయువారు పాకములో దారమును వ్రేలాడఁగట్టుదురు. పలుకులు దానినే పట్టుకొని పెరుగును. ప్లాస్టిక్కులో మట్టిరేకులు ఆ దారమువంటివి.

ఇందులకు వాడు ఖనిజము పేరు మాంట్‌మొరిల్లొనైటు. మన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలువాఱుటకు ముఖ్యకారణ మిదియే; నీరు దీని రేకుల నడుమ చొరబడును. ఒక్కొక్క రేకు మందము సుమారు 1 నానోమీటరు, అనఁగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు.

నీటివలె ప్లాస్టిక్కు ఈ సందులలో సులభముగా చొరదు. 1980వ దశకమున జపానుదేశమందలి టొయోటా పరిశోధనశాలవారు రేకుల నడుమనున్న సోడియమును తీసి కర్బన పదార్థమును చేర్చిరి. పిమ్మట నైలాను–6 యొక్క మూలద్రవ్యమును ఆ సందులలోనికి పంపి, అచ్చటనే నైలానుగా మార్చిరి. పెరుగుచున్న అణువులు రేకులను విడఁదీసెను. నూటికి 5 పాళ్లకు మించని మట్టితోనే, బరువునకు వంగు ఉష్ణోగ్రత సుమారు 65 సెంటిగ్రేడు డిగ్రీలనుండి 140 డిగ్రీలకు పైగా పెరిగెను. ఈ పదార్థముతో మోటారుకారు ఇంజనులోని పట్టీకి మూతలు చేసిరి.

ఈ ఫలమంతయు స్ఫటికములవలననే కలిగినదని యెంచరాదు. గట్టిరేకులు తామే బరువును మోయుట ఇందు ప్రధానము. స్ఫటికముల విషయమున రేకులు చేయు పనులు రెండు: అవి త్వరగా మొదలగునట్లు చేయుట, నైలాను–6 నందు ఆల్ఫా రూపమునకు మాఱుగా గామా రూపమును ప్రోత్సహించుట.

మట్టి యెక్కువైన కొలఁది మేలు పెరుగునా? పెరుగదు. రేకులు క్రిక్కిఱిసినచో అణువులు కదలలేక స్ఫటికముల పెరుగుదల మందగించును. రేకులు విడివడక ముద్దలుగా నిలిచినచో మట్టి కలిపిన ప్రయోజనము చాలవఱకు పోవును. కావున విద్యార్థులారా, ఇందు ముఖ్యమైనది మట్టి రాశి కాదు. అది ఎంత చక్కగా విడివడి వ్యాపించినదనునదియే.