కొత్త విద్యా సంవత్సరం: మీ పిల్లల బడిలో బోధన గురించి ఏం అడగాలి?

జూన్‌లో బడి తెరవగానే పుస్తకాలు వచ్చాయా, యూనిఫాం ఇచ్చారా అని అందరం అడుగుతాం. పిల్లలకు ఇప్పటికి ఎంత వచ్చు, ఈ ఏడాది ఎలా చెప్పబోతున్నారు అని అడిగేవారు తక్కువ. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల్లోని ప్రభుత్వ, జడ్పీ, మున్సిపల్ బడుల్లో మీ పిల్లలు 6 నుంచి 8 తరగతులు చదువుతుంటే ఆ ప్రశ్నే ముందు అడగండి. విద్యాహక్కు చట్టం–2009 మీ వైపే ఉంది.

ముందు ఏం జరగాలి?

ఆరో తరగతిలో ఒకరు కథ గడగడా చదువుతారు, ఇంకొకరు గుణింతాల దగ్గరే ఆగిపోతారు. చదవడం రాకపోతే తెలుగే కాదు, సైన్సు, సోషల్ కూడా అందవు. అందుకే ఏడాది మొదట్లోనే ప్రతి విద్యార్థి స్థాయి చూడాలి. వెనకబడిన వారికి అదనంగా చెప్పాలి. చట్టంలోని 24వ సెక్షన్ దీన్ని ఉపాధ్యాయుల విధిగా పేర్కొంది. తల్లిదండ్రులతో క్రమంగా సమావేశాలు పెట్టడం కూడా అందులోనే ఉంది.

మీరూ ఇంట్లో చూడొచ్చు. రెండో తరగతి స్థాయి కథ చదివించండి. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనండి. ప్రథమ్ సంస్థ 'అసర్' సర్వేలో చేసేది ఇదే.

6–8 తరగతులకు చట్టం చెప్పినవి

- ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు
- 35 మంది పిల్లలకు కనీసం ఒక టీచరు
- సైన్సు–గణితం, సోషల్, భాషలకు కనీసం ఒక్కొక్కరు
- జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప టీచర్లకు వేరే పనులు అప్పగించకూడదు

కొల్లేరు ఊళ్లలో అదనంగా

బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేరులోకే వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ వరదా ఇటే చేరింది. లంక గ్రామాల దారులు మునిగితే బడి రోజులు పోతాయి. వాటిని ఎప్పుడు భర్తీ చేస్తారో వానలకు ముందే అడగండి.

ఎక్కడ అడగాలి?

పాఠశాల యాజమాన్య కమిటీలో. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది ఈ కమిటీయే. స్థాయి పరీక్ష, అదనపు తరగతుల వేళలు, వరద రోజుల భర్తీ అందులో రాయించండి. 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతా జరిగిన మెగా పేరెంట్–టీచర్ సమావేశాల వంటివీ అడగడానికి మంచి చోటే.

అక్కడ తేలకపోతే ఎంఈఓకు, తర్వాత డీఈఓకు రాతపూర్వకంగా ఇవ్వండి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు, కైకలూరు ఏలూరు జిల్లాలో ఉన్నాయి. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఇచ్చిన ఫిర్యాదును 3 నెలల్లో తేల్చాలి.

రాసే ముందు టీచర్ల లెక్క చూడండి. ముగ్గురు ఉండాల్సిన చోట ఒక్కరే ఉంటే తప్పు ఆ టీచరుది కాదు. అప్పుడు ఫిర్యాదు చేయాల్సింది ఖాళీ పోస్టు మీద.